హాజరు పట్టీ

కాశీబుగ్గ బస్టాండు ఎదర
జిరాక్సు, ఫొటోలు, ఆధారు పనులు చేసే కొట్టులో
నా మానిటరు పై అంచున
మూడు వేళ్ళ మేర చచ్చిపోయింది.
తుఫాను రాత్రి రేకు సందులోంచి కారిన నీళ్ళు
అక్కడే నిలిచిపోయాయి.
బ్రౌజరు చేసినవాడు అన్నీ అక్కడే పెట్టాడు:
ట్యాబులు, అడ్రసు గడి, వెనక్కెళ్ళే బాణం.

కొత్తది కొనమంటే ఓనరు ఢిల్లేశ్వర్రావు
"చూద్దాంలే కుసుమా" అన్నాడు.
రెండు జీడిపిక్కల సీజన్లు చూశాడు.

సరే, నేనే దింపుకున్నాను.
రాత్రిళ్ళు షట్టరు సగానికి లాగి
తప్పులు రాసి, దిద్ది, మళ్ళీ రాసి
నెత్తిమీది గంపని కాళ్ళ దగ్గర పెట్టినట్టు
ఆ పట్టీని తెర అడుక్కి దింపాను.
మొదట అంతా ఒకే ఫైలు.
నాలుగొందల లైన్లు, చిక్కుపడ్డ వల.
ఇక్కడ ముడి విప్పితే అక్కడ బిగిసేది.
తెలివొచ్చాక తుంపేశాను.
పట్టీని దింపేదొకటి, ట్యాబులకొకటి,
ట్యూబులైటు కింద కళ్ళు మండని రంగులకొకటి,
తెలుగు ఒత్తులు తెగిపోకుండా గడి ఎత్తు పెంచేదొకటి.
ఎవరికీ అక్కర్లేని బొత్తాలు దాచేది ఇంకొకటి.
అది మూడే లైన్లు. అదంటే నాకిష్టం.

వీటి పైన ఇంకో ఫైలుంది.
దానికి పనేమీ రాదు,
వరసగా పేర్లు పిలుస్తుందంతే.

ఇవాళ పొద్దున్న బ్రౌజరు
అడక్కుండానే కొత్తదైపోయింది.
అడ్రసు గడి మళ్ళీ ఆ నల్లమచ్చలోకెక్కి కూచుంది.

బల్ల అవతల దాలమ్మ.
వేలిముద్ర పడక ఇది మూడో రావడం.
ఇరవయ్యేళ్ళు జీడిపిక్క కొట్టిన వేళ్ళు,
గీతలన్నీ సొన తినేసింది.
అద్దం మీద ఆనిస్తే
మిషనుకి నున్నటి గచ్చు కనబడుతుంది.

"ఉండు పిన్నీ, ముందు దీని సంగతి చూడాలి."

పేర్ల ఫైలు తెరిచి
ప్రతి పేరుకీ ముందో గీతా చుక్కా,
వెనకో చుక్కా గీతా పెట్టాను.
పేరు చెరిగిపోదు.
ఈ పూటకి పిలుపుండదు.
మూసి తెరిస్తే
బ్రౌజరు తెల్లగా, ఎవరిదో అన్నట్టుంది.

"ఏటి సేస్తన్నావే గుంటా?"

"తప్పెవరిదో తెలీక
అందర్నీ కూకోబెట్టాను. ఒక్కొక్కరినే పిలుస్తాను."

దాలమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది.
"మా మేస్త్రీ ఇలాగే సేసినాడు.
పప్పు తూకం తగ్గిపోతందని
ఐదుగుర్ని పిలవడం మానీసినాడు.
నాను, గున్నమ్మ, ఆ ఇచ్ఛాపురం కాడి పిల్ల,
మా తోటికోడలు, దాని కూతురు.
ఆకరికి కాటాలో ఉంది తేడా."

"మరి మళ్ళీ పిలిచాడా?"

"కాటా కొత్తది కొన్నాడు."

రంగుల్ని పిలిచాను, వచ్చాయి.
ట్యాబులు వచ్చాయి. ఒత్తులు ఊపిరి తీసుకున్నాయి.
దాచేది వచ్చి దాచేసింది.
పట్టీ దగ్గరికొచ్చి పిలిస్తే ఏదీ కదల్లేదు.

నా ఫైల్లో ఒక్క అక్షరం చెడలేదు.
కొత్త బ్రౌజరులో ఆ పట్టీకి వేరే పేరు పెట్టుకున్నారు,
ఇది పాత పేరే పట్టుకుని
ఖాళీ అయిన ఇంటి ముందు నిలబడి కేకేస్తోంది.

ఒక్క మాట దిద్దాను.
అడ్రసు గడి మెల్లగా దిగొచ్చింది.

"ఎంతమందే?" అంది దాలమ్మ.
"ఐదు."
"అందర్నీ పిలిసీసినావా?"
"పిలిచీశాను పిన్నీ."

ఆవిడ ఇంకేం అడగలేదు.

"ఇప్పుడు ఎడం చేతి చిటికెన వేలు పెట్టు,
పిక్కకి తగలని వేలు."

"తగలని వేలేటుంటాదే" అంటూనే
చీరకి రెండుసార్లు రుద్ది, అద్దం మీద ఆనించింది.

తెర అడుగున
చిన్న చక్రం తిరగడం మొదలెట్టింది.
ఇద్దరం వంగి చూస్తున్నాం.